ఖాళీ గడిలో సున్నా

ఫిబ్రవరి 9, సోమవారం

పొద్దున్నే కాలేజీ ల్యాబ్ తెర మీద నాయిన పేరు! "మల్లేశం శుక్రవారం పన్నెండు కిలోల రవ్వ చేపలు పట్టాడు." నిన్నటిదాకా అవి ఉత్త వరుసలు — పేరు, తేదీ, అంకె. షామీర్‌పేట చెరువు సొసైటీ వాళ్ల చేపల తూకాలను డేటాబేస్‌లోంచి ఏరి తెచ్చే క్వెరీ నాది. వారమంతా కూర్చుని రాశాను. తెచ్చినదాన్ని వాక్యాలుగా మార్చి చూపే కోడ్ నాతో చదివే హారికది. ఒక్క సాయంత్రం పని.

సార్ తెర ముందు ఆగిపోయారు. "ఎవరు జేసిన్రు గిది? మస్తున్నదమ్మా!"

"నేనే సార్," అంది హారిక.

అబద్ధం కాదు. అదే మంట.

ఫిబ్రవరి 10, మంగళవారం

రోజుకో కొత్త మాట ఏరుకునేది నేను. ఇవాళ్టిది 'నిండుకోవడం'. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు... ఎంత మర్యాద! అయినా తెర మీద మాటలు మాత్రం ఆమెవి.

మేడ్చల్‌లో పేట్ బషీరాబాద్ బస్సు ఎక్కుతూ హారిక అంది — "నువ్వు లెక్కల్లో గట్టిదానివి కదే, మాటలు నాకొదిలెయ్." నవ్వుతూనే.

ఫిబ్రవరి 11, బుధవారం

అసూయ. రాసి చూశాను. చూడ్డానికి అందంగానే ఉంది.

ఫిబ్రవరి 12, గురువారం

రేపు సొసైటీ పెద్దలు ల్యాబ్‌కు వస్తారు. చూపించేది హారిక. వాళ్లు మెచ్చితే తుర్కపల్లి కంపెనీలో వేసవి శిక్షణకు కూడా సార్ ఆమెనే పంపుతారు. ఒక్కరికే చోటు.

సాయంత్రం అన్ని పేర్లూ మళ్లీ చూశాను. డిసెంబరులో చిన్నాయిన చనిపోయిన ఆ వారమంతా... నాయిన పేరు పక్కన రోజూ "సున్నా కిలోలు".

ఇంట్లో చావు జరిగితే దినాలు అయ్యేదాకా మావాళ్లు చెరువులో వల వెయ్యరు. డేటాబేస్‌లో ఆ గడులు ఖాళీ. నా క్వెరీ ఖాళీగానే తెచ్చింది. ఆమె కోడ్ ఖాళీ కనబడిన చోటల్లా సున్నా పెడుతోంది. సున్నా అంటే వల వేసి ఉత్త చేతులతో తిరిగొచ్చినట్టు. తమ్ముడి మైలలో చెరువులో దిగినట్టు!

నాయిన రేపటికి తెల్లంగీ ఇస్త్రీ చేయించుకున్నాడు. "అందరి ముంగట నా పేరొస్తదా బిడ్డా?"

"వస్తది నాయినా."

హారికకు చెబితే చిటికెలో సరిచేస్తుంది. మెప్పూ ఆమెకే. చెప్పకపోతే అందరి ముందు ఆమె ముఖం మాడుతుంది — అది చూడాలని ఉంది. ఛీ. ఉంది, నిజంగానే. కానీ ఆ సున్నా పక్కన ఉన్నది నాయిన.

ఆమె మెసేజ్: "రేపు నీలం చీర కడుతున్నా. నువ్వేం కడుతున్నావే?"

రేపు మొదటి బస్సుకే పోవాలి. ఆమె రాకముందే కోడ్ తెరిచి, సున్నా తీసేసి, "వల వెయ్యలేదు" అని పెట్టాలి. అవి నా మాటలని ఆమెకు ముందే చెప్పాలా, సార్ అడిగినప్పుడు అందరి ముందూ చెప్పాలా... బస్సులో ఆలోచిస్తాను.