మేం చూడని ఆఖరి రీలు

శుక్రవారం రాత్రి, మిర్యాలగూడ

సాయంత్రం మనవరాలు ఫోనులో ఆ పాత సినిమా పెట్టింది. పెళ్లైన కొత్తలో ఇక్కడి డేరా టాకీసులో నేనూ మా ఆడబిడ్డ యాదమ్మా చూసిందే. అప్పట్లో వేములపల్లి నుంచి ఎడ్లబండి మీద వచ్చేవాళ్లం. ఆట విడిస్తే బండ్లన్నీ ఒక్కసారే కదులుతాయి, ఎడ్లు బెదురుతాయని మా మామ ఆఖరి రీలుకు ముందే మమ్మల్ని లేపేవాడు. ముగింపు మేమే అల్లుకుంటూ ఇంటికి పోయేవాళ్లం.

ఈ సినిమా దగ్గర మాత్రం మాట కలవలేదు. "హీరోయిన్ మొగని దగ్గరికి తిరిగొస్తది, సూడు వదినె" అనేది యాదమ్మ. "నీ మొకం, రానే రాదు" అనేదాన్ని. ముసలివాళ్లమయ్యాక కూడా ఫోను చేస్తే, "నీ హీరోయిన్ ఇంకా రానే రాదంటవా?" అనే ఎత్తిపొడిచేది. పోయిన ఎండాకాలం యాదమ్మ పోయేదాకా ఆ కొట్లాట తెగలేదు.

ఇవాళ, మా మామ అప్పుడు మమ్మల్ని లేపిన చోటు రాగానే, "ఆపు బిడ్డా" అన్నాను.

"ఇంకో పది నిమిషాలే నానమ్మా, సూడరాదు!"

నేను లేచి వచ్చేశాను. పిల్ల మిగతాది చూసేసింది. పొద్దున చాయ్ దగ్గర చెప్పేస్తుందేమోనని ఒకటే భయం. ఆ కొట్లాట కూడా తెగిపోతే, యాదమ్మతో మాట్లాడుకోవడానికి నాకింకేం మిగులుతుంది...