మావయ్య కారుకి బోరింగు

బిర్సానగర్, జంషెడ్‌పూర్.

గోవిందరావు మావయ్యకు కిషోర్ నమస్కరించి రాసేది,

ఫోనులో నా మాట మీకు వినబడదు కాబట్టి ఈ ఉత్తరం. రిటైరై ఊరెళుతూ మీరు నాకిచ్చిన కారు నలుగురం కూర్చుంటే వంతెన ఎక్కడం లేదు. "ఇది పీకేసి వేరే ఇంజనెట్టేద్దుమేటి?" అంటున్నాడు మెకానిక్ పోలయ్య. మీరేమంటారు?

మీ మేనల్లుడు, కిషోర్.

* * *

చిరంజీవి కిషోర్‌కు దీవెనలు.

ముట్టుకోనివ్వకు! టాటానగర్ స్టేషను డ్యూటీకి ఇరవై ఏళ్లు నన్ను మోసిన ఇంజనది. దానికే బలం పట్టించండి.

మావయ్య.

తా.క. బలానికి ఏం పోస్తారో రాయి.

* * *

మావయ్యకు నమస్కారాలు.

మీ మాటే ఖాయం. పాత ఇంజనుకే బోరింగు చేయించి, పెద్ద పిస్టన్లు వేస్తాం. నిన్ననే హెడ్డుని దించేశారు.

కిషోర్.

* * *

కిషోర్‌కు దీవెనలు.

కారుకి బోరింగెందుకురా? నీళ్లు బకెట్టుతో పోయలేవా? ఎన్నడుగులు తవ్వుతున్నారు? హెడ్డు ఎవరు? పిల్లలుగలవాడేమో, అలా దించేస్తే ఎలా బతుకుతాడు?

మావయ్య.

తా.క. నీళ్ల జాడ చెప్పే ముసలయ్యని అడిగాను. కారు కింద పడతాయో లేదో ఇక్కణ్ణుంచి చెప్పలేడట.

* * *

మావయ్యకు నమస్కారాలు.

నేల తవ్వడం లేదు. ఇంజనులో పిస్టను ఆడే గొట్టాన్ని లోపల కాస్త వెడల్పు చేయడమే బోరింగు. హెడ్డంటే ఇంజను పైమూత. అన్నీ బిగించేశాం. నలుగురితో వంతెన ఎక్కాం. "ఏటి బాబూ ఈ లాగుడు! బిరేకు మీద కాలెట్టు!" అని పోలయ్యే అరిచాడు. ఒకసారి వచ్చి నడిపి చూడండి.

కిషోర్.

తా.క. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

* * *

కిషోర్‌కు దీవెనలు.

మీ అమ్మ ఫోనులో చెప్పిందంతా నమ్మకు. నేను మీ ఇంటికొచ్చిన మర్నాడు, నువ్వు డ్యూటీకెళ్లాక, మీ అమ్మ దాలమ్మని కూరలకు తీసుకెళదామనే కారు తీశాను. కానీ ఆ ఇంజను పక్కనున్న బస్సుని దాటేసింది. తర్వాత లారీని. పెట్రోలు పోయించినప్పుడల్లా వెనక్కి తిప్పుదామనే అనుకున్నాను. ఇంతలో మా ఊరే వచ్చేసింది.

కోప్పడకు. ఇంజను మార్చనందుకు నీకు రుణపడ్డాను. ఆదివారానికి బండి నీ గుమ్మంలో ఉంటుంది.

మావయ్య.

తా.క. పైన రాసింది సగమే నిజం. కటక్ దాటాక "మరీ మెల్లగా తోల్తన్నావన్నియ్యా, దిగు" అని స్టీరింగు మీ అమ్మే లాక్కుంది. ఎప్పుడు నేర్చుకున్నావే అంటే, పోలయ్య నేర్పాడని నీకు మాత్రం చెప్పొద్దంది.