పది వాట్లా, వంద వాట్లా

…అందుకే అక్కా, నువ్విచ్చిన పది వాట్ల ఆంప్, అదే ఆ గిటార్ స్పీకర్ పెట్టె, స్టేజీకి పనికిరాదని నిన్న రిహార్సల్లో తేలిపోయింది. ఇంట్లో దుప్పటి కప్పి, వాల్యూమ్ ఒకటి మీద పెట్టి వాయిస్తే అదే ఎక్కువనిపించేది. డ్రమ్స్ మొదలయ్యాక నా గిటార్ నాకే వినపడలేదు. "వాయిస్తున్నావా, దురదొచ్చి గోక్కుంటున్నావా?" అంది డ్రమ్మర్. అందరూ నవ్వారు. ఏడుపొస్తున్నా నేనూ నవ్వేశాను.

కీబోర్డ్ అమ్మాయిని అడిగి వంద వాట్లది తెచ్చాను, నాన్న ఆఫీసు నుంచి రాకముందే మంచం కిందికి తోసేశాను. అది చిన్న హాల్లో కొంచెం తిప్పినా చెవులు పోతాయట. ముప్ఫై చాలని ఒకళ్ళు, ఆంప్ ముందు మైక్ పెడితే పదిహేనైనా చాలని ఇంకొకళ్ళు. ప్రోగ్రాం వచ్చే శనివారమే. ఏది తీసుకెళ్ళాలో నువ్వే చెప్పు. ఫోన్ నాన్న దగ్గరుంది, అందుకే ఈ కాగితాలు.

గిటార్ నీకు తిరిగిచ్చేశాననే నాన్న అనుకుంటున్నారు. మళ్ళీ కనిపిస్తే స్కూల్ మాన్పించి అత్తయ్య వాళ్ళింటికి పంపేస్తారట. ఆయన ఊరికే అనరు, నీకు తెలుసుగా.

ఇప్పుడే ఈ వంద వాట్లదాని ప్లగ్ పెట్టి చూశాను. తీగ ముట్టుకోకుండానే గుయ్‌మంటోంది. చిన్నది ఇలా చేసేది కాదు.

తలుపు కొడుతున్నారు. నాన్నే. "ఏంటమ్మా ఆ చప్పుడు?"

ఫ్యాన్ అని చెప్పాను.

"అయితే చూస్తానుండు, బేరింగ్ పోయుంటుంది. తలుపు తియ్యి."

స్టూల్ కూడా తెచ్చుకున్నారక్కా, గోడకి తగిలిన చప్పుడైంది. స్విచ్ ఆపితే టప్‌మని పేలినట్టు మోగుతుంది, ఆపకపోతే ఇలాగే ఉంటుంది. కాగితాలైతే పరుపు కింద పెట్టేస్తున్నా, కానీ దీన్నేం చెయ్యను