చెరపని పెన్సిల్ చుక్క

షమీమ్ ఆపా,

బాగున్నారా అని రాయబోయి ఆగిపోయాను. మీరు వెళ్లిపోయి ఏడు నెలలు... ఎలా మొదలుపెట్టాలో ఇంకా తెలియడం లేదు.

మీ కుర్చీలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. బల్ల మీద నా పేరు, కింద ఆఫీస్ మేనేజర్ అని. శ్రీకాకుళం నుంచి టైపు పరీక్ష పాసై సికింద్రాబాద్‌లో దిగిన రోజు నుంచి నేను కోరుకున్నది ఇదేనని మీకు తెలుసు. ఎన్నిసార్లు ఆటపట్టించారో! కానీ ఇలా దొరకాలనుకోలేదు.

మీ హాజరు రిజిస్టర్ బీరువాలోకి పోయింది. గుమ్మం దగ్గర వేలిముద్ర మిషన్ పెట్టారు. మీరైతే తొమ్మిదిన్నరకి రానివాళ్ల పేరు ఎదురుగా పెన్సిల్‌తో చుక్క పెట్టేవారు, వచ్చాక చెరిపేసేవారు. పదకొండు దాటితేనే ఎర్ర పెన్నుతో ఆబ్సెంట్. "జెర ఆగు సుజాతా, ఏం తక్లీఫ్ ఉన్నదో ఏమో" అనేవారు. మా పాపకి జ్వరాలొచ్చిన నెలలో నా గడిలో చెరిపి చెరిపి కాగితం పలచబడిపోయింది. ఈ మిషన్‌కేమో చెరపడం రాదు.

మన అటెండర్ యాదగిరికి మంగళ, శుక్రవారాలు ఆలస్యమవుతోంది. భార్యను డయాలసిస్‌కి చేర్పించి, అల్వాల్ నుంచి బస్సులో పడి వస్తాడు. పదిన్నరకల్లా వచ్చేస్తాడు ఆపా... అయినా పనిలోంచి తీసేయమని హెడ్డాఫీసు ఆర్డరు. రెండుసార్లు ఫోన్ చేశాను, ఉత్తరం రాశాను. సంతకం పెట్టడమే మేనేజర్ పని అన్నారు.

నిన్న పెట్టేశాను. మీరైతే ఏం చేసేవారు? నిజంగా ఏమైనా చేయగలిగేవారా?

యాదగిరి మధ్యాహ్నం ఎప్పటిలాగే చాయ్ తెచ్చి పెట్టి వెళ్లాడు.

తర్వాత మీ రిజిస్టర్ తీశాను. చివరి పేజీలో మీ పేరు ఎదురుగా పెన్సిల్ చుక్క... మీ బదులు నేను పెట్టిందే. ఆ రోజు తొమ్మిదిన్నరకి మీరు రాలేదు. పదకొండు కాకముందే మీ తమ్ముడి ఫోన్ వచ్చింది, మీరిక లేరని. అందరం బన్సీలాల్‌పేట్‌లోని మీ ఇంటికి పరుగెత్తాం. ఎర్ర పెన్ను తీయడం ఎవరికీ గుర్తు లేదు.

యాదగిరికి ఏ మాటా ఇవ్వలేకపోయాను. మీకు మాత్రం ఒక్కటి ఇస్తున్నాను. ఆ చుక్క మీద ఎవరినీ ఎర్ర సిరా పెట్టనివ్వను. నా చేతిలో ఉన్నది అదొక్కటే ఆపా...

మీ సుజాత