కొండచేనిలో గాలి కంబం

మునగలపల్లె,
10-6-1990

ఆంజి వాళ్ల నాయనకు రెడ్డెమ్మ దండం పెట్టి రాసేది.

పిల్లోడూ, ఎనుమూ, నేనూ బాగున్నాం. మొన్న జీపులో గాలి ఆఫీసరు ఒకాయన వచ్చాడు. గాలితో కరెంటు తీయాలని ఢిల్లీలో ప్లాను వేశారట. ముందు ఏ కొండ మీద ఎంత గాలి ఉందో కొలవాలట. అందుకని మన కొండచేనిలో ఎత్తు కంబం నిలబెడతారట. పైన గిన్నెలు తిరుగుతుంటాయట. మన సంతకం, ఊరి సమ్మతి కావాలన్నాడు. ఊళ్లో ఒకటే గోల: "మన గాలి ఎత్తుకపోతే వాన మోడాలు యాడ నిలుస్తాయి?" ఏం చేయమంటావో రాయి.

నీ రెడ్డెమ్మ

తా.క. గాలి కొలిచినందుకు ఆయనకు నెలనెలా జీతమంట. మనం ఇన్నేళ్లూ ఊరికే పీల్చేశాం.

*

షువైఖ్, కువైట్,
9-7-1990

రెడ్డెమ్మను దీవించి చిన్నపుల్లయ్య రాసేది.

సంతకం పెట్టొద్దు. మా గ్యారేజీ మునాఫ్‌ను అడిగాను, వాడికి తెలియనిది లేదు. కంబంతో ఊరుకోరట, తర్వాత పెద్ద పెద్ద ఫ్యాన్లు పెడతారట. ఫ్యానన్నాక కరెంటు తింటుంది. చేను మనది, బిల్లూ మన పేరు మీదే వస్తుంది. డిసెంబరులో సెలవు మీద వచ్చి నేనే మాట్లాడతాను.

చిన్నపుల్లయ్య

తా.క. బోడికొండకు ఫ్యానెందుకు? నేనిక్కడ యాభై డిగ్రీల ఎండలో లారీల కింద దూరి పనిచేస్తున్నాను. ముందు నాకు పెట్టమను.

*

గుడారాలు, అమ్మాన్,
8-9-1990

రెడ్డెమ్మా, ప్రాణంతో ఉన్నాను. ముందు ఆ మాట చదువుకో.

ఆగస్టు రెండున తెల్లారేసరికి షువైఖ్ రోడ్డు మీద ఇరాక్ ట్యాంకులు. పోస్టు లేదు, ఫోను లేదు. మూడు వారాలు గ్యారేజీలోనే దాక్కున్నాం. మా కఫీల్, అదే మా అరబ్బు యజమాని, పాస్‌పోర్టు చేతిలో పెట్టి, "ఖలాస్, యల్లా, నీ బిడ్డ దగ్గరికి పో" అని ఏడ్చాడు. బస్సుల్లో బాగ్దాద్ దాటి ఇక్కడికి చేరాం. మన హుస్సేన్ పీరా నా పక్కనే ఉన్నాడు, వాళ్లమ్మ మస్తాన్ బీకి చెప్పు. విమానానికి మా వంతు రావాలంటే నెల పడుతుంది. ఎంబసీ పేరు మీద రాస్తే జాబు ఇస్తారు.

చిన్నపుల్లయ్య

తా.క. నేను చచ్చినా ఆ కంబానికి సంతకం పెట్టొద్దు. చావనులే, మాటవరసకు అన్నాను.

*

మునగలపల్లె,
20-9-1990

ఆంజి నాయనా,

నీ జాబు పట్టుకుని నేనూ మస్తాన్ బీ వీధిలోనే ఏడ్చాం. తిట్టుకో, సంతకం ఆగస్టులోనే పెట్టేశాను.

నీ కబురు తెలియని రోజుల్లో ఆఫీసరు మళ్లీ వచ్చాడు. జీపులో తెచ్చిన కంబం తీగలు చూసి మస్తాన్ బీ నా చెయ్యి పట్టుకుంది. "రెడ్డెమ్మా, ఇది రేడియో మాదిరి కువైట్ కబురు పట్టుకుంటాదా?" అది గాలి లెక్కేనని నాకు తెలుసు. కానీ ఆమె మొహం చూసి కాదనలేకపోయాను. "పట్టుకుంటాది" అన్నాను. అంతే, వద్దన్న ఊరే రాళ్లూ నీళ్లూ మోసి కంబం నిలబెట్టింది. వారం వారం ఆయన లెక్క రాసుకుంటుంటే ఆడవాళ్లంతా చుట్టూ చేరి, "మావాళ్లు బాగుండారా సార్?" అని అడిగేవాళ్లు. ఆయన విసుక్కుని, "గాలి బాగుందమ్మా" అనేవాడు. ఆ పూట అందరూ కడుపునిండా తినేవాళ్లు. ఆయనేమో ప్రజల మద్దతు సంపూర్ణమని ఢిల్లీకి రాసుకున్నాడు.

నిన్న అందరూ దిగిపోయాక నన్ను ఆపాడు. వాళ్ల అక్క ఆ కువైట్‌లోనే, హవల్లీలో టీచరంట. నెలన్నరగా కబురు లేదంట. తల వంచుకుని, "ఆ కంబాన్ని మీరు ఎట్లా అడుగుతారమ్మా?" అన్నాడు. అంత చదివిన మనిషి. తిరిగే గిన్నెల వైపు కాసేపు చూసి, "బాగుందంట సార్" అనేశాను.

నీ రెడ్డెమ్మ

తా.క. ఆ సారు అక్క పేరు చంద్రిక. ఒక్క గుడారం వదలకుండా వెతుకు. నీ కోసం ఇక్కడ నా కళ్లు కాయలు కాచాయి. అయినా సరే, ఆ వెతకడం అయ్యాకే విమానం ఎక్కు.