నలభై ఒక్క పేర్లు

వన్ టౌన్, విజయవాడ,
11 నవంబర్ 2025, మంగళవారం.

ప్రియమైన భానుశ్రీకి,

సాలేహా సలాములు. నువ్వూ మీ పిన్నిగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమం అని రాయాలి. బళ్లో అలాగే నేర్పారు. ఈసారికి ఆ మాట వదిలేస్తున్నాను, రాస్తే అబద్ధమవుతుంది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతున్నావేమో. నా నంబరు బ్లాక్ చేశావు. మెయిలు పంపితే తిరిగొచ్చింది. గ్రూపులన్నిటిలోంచీ వెళ్లిపోయావు. పద్నాలుగు నెలలుగా నీ దగ్గరికి దారన్నది లేకుండా చేసుకున్నావు, ఇక నేనేం చెయ్యను? అవనిగడ్డ బస్సు కండక్టర్ నతానియేలు గారు మా వీధిలోనే ఉంటారు. ఇవాళ రెండున్నర బస్సుకు వెళ్తూ కవరు నీ చేతికే ఇస్తానని మాటిచ్చారు. చింపెయ్యాలనిపిస్తే చింపు, కానీ చివరిదాకా చదివి చింపు.

శనివారం ఇబ్రహీంపట్నంలో వెంకటప్పయ్య గారింట్లో మన చెలమ సైటును నడిపే సర్వర్ ఆగిపోయింది. యూపీఎస్ కాలిందట. జన్మంతా థర్మల్ స్టేషన్‌లో కరెంటు తయారుచేసి రిటైరైన మనిషి ఇంట్లోనే కరెంటు అందలేదు చూడు. నువ్వుంటే ఆయన్ని నెల రోజులు ఏడిపించేదానివి. ఆదివారానికల్లా ఆయన కొత్తది బిగించి సర్వర్‌ని లేపారు. లేచి, నీ పాస్‌ఫ్రేజ్, అదే నీ తాళం మాట, అడుగుతూ కూర్చుంది.

అవును, నీదే. రక్తదాతల నంబర్లు అత్యవసరానికి నీ ఖాతాలో తప్ప మన కంటికి కూడా కనపడకూడదని, ఆసుపత్రి అడిగితే సర్వరే దాతకు కబురు పంపాలని నువ్వు పట్టుబట్టి వేసిన తాళం. నిన్ను పంపించేశాక కిరీటి కొత్త తాళం తయారుచేసి, ఇక భయం లేదని గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టాడు. అది కొత్తగా చేరే దాతలకే పనిచేస్తుందని, పాతవాళ్లంతా నీ తాళం వెనకే ఉండిపోయారని ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఒకసారి తీసిన తాళం సర్వర్ ఆగకుండా నడిచినన్నాళ్లూ తెరిచే ఉంది, మళ్లీ తీసే అవసరమే రాలేదు. ఇప్పుడు రెండు వేల నూట నలభై మంది దాతలు లోపల ఉన్నారు, మేము బయట ఉన్నాం.

భానూ, అఫ్సా గుర్తుందా? మా పక్కింటి బాబ్జాన్ కూతురు. తోపుడుబండి మీద గాజులమ్మే బాబ్జాన్. ఆ పిల్ల తలసేమియా కోసమే కదా మనం చెలమలో దాతల పేజీ మొదలుపెట్టింది. గవర్నర్‌పేటలో మనం పనిచేసే గదికి వస్తే నీ ఒళ్లోనే కూర్చుని కీబోర్డు మీద టకటకా కొట్టేది. ఇప్పుడు ఆరేళ్లు. మూడు వారాలకోసారి బి నెగటివ్ రక్తం ఎక్కించాల్సిందే. ఈ శుక్రవారం ఎక్కించాలి. నిన్న పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోయింది. మెట్లెక్కలేక సగంలో కూర్చుండిపోతే బాబ్జాన్ ఎత్తుకుని తీసుకొచ్చాడు. బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగాను. ఆ గ్రూపు నిల్వ లేదు, దాతను మీరే తెచ్చుకోండమ్మా అన్నారు. ఫేస్‌బుక్‌లో పెట్టాను, మసీదులో చెప్పించాను, కాలేజీలకు వెళ్లాను. ముప్పై మంది వచ్చారు పాపం. ఒక్కరిదీ ఆ గ్రూపు కాదు.

సర్వర్ తెర మీద మాత్రం కనపడుతూనే ఉంది, బి నెగటివ్ దాతలు నలభై ఒక్కరు అని. లెక్క చూపిస్తుంది, పేరు చూపించదు. ఆ నలభై ఒక్కరిలో ఒకరు మా సందు చివరే ఉండొచ్చు. దారిన పోయేవాళ్లనందరినీ ఆపి అడగాలనిపిస్తోంది. నిజంగానే నిన్న కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఇద్దర్ని అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

మనవాళ్ల సంగతి అడుగుతావా? ఆదివారం నుంచి మెయిలింగ్ లిస్టులో యుద్ధం. చెలమను వదిలేద్దామంటాడు కిరీటి. మనం చేతులారా రాసుకున్న సాఫ్ట్‌వేర్ అని ఎన్నాళ్లు పట్టుకుని వేలాడతాం, రెడీమేడ్ ప్లాట్‌ఫామ్ ఒకటుంది, సైటును దాంట్లోకి మార్చేసి పాత దాతల్ని చెరిపేసి, కొత్తవాళ్ల నంబర్లు అందరికీ కనపడేట్టు పెడితే ఈ తాళాల గొడవే ఉండదంటాడు. సింధూరి ఒప్పుకోదు. ఊరూ పేరూ లేని పదకొండు మందిమి ఏడేళ్లు కూర్చుని కట్టినదాన్ని, ఎవరైనా విప్పి చూసి బాగుచేసుకోగలిగినదాన్ని, ఒక కంపెనీ వాకిట్లో పడేస్తామా అంటుంది. మూడు రోజుల్లో రెండు వందల ముప్పై మెయిళ్లు. అందులో నలభై మెయిళ్లు పాత లోగో ఎవరిదన్న దాని మీదే. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది. శుక్రవారం ఆ పిల్లకు రక్తం కావాలని నేను నాలుగుసార్లు రాశాను. సర్వసభ్య ఓటింగ్ ఆదివారం అని జవాబొచ్చింది.

ఒకప్పుడైతే నేనూ సింధూరి పక్కన నిలబడి నీకంటే గట్టిగా అరిచేదాన్ని. ఇప్పుడు నాకు చెలమైనా ఒకటే, రెడీమేడైనా ఒకటే. ఆ నలభై ఒక్కరికి కబురు వెళ్తే చాలు.

నీ కోపం నాకు తెలుసు. కృప నంబరు నువ్వే బయటపెట్టావన్నారు. ఆ నర్సింగ్ విద్యార్థిని పుణ్యానికి రక్తమిచ్చిన పాపానికి, ఎవడో ఆమె నంబరు సంపాదించి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు, హాస్టల్ గేటు దగ్గర కాపు కాశాడు. ఆమె చదువు మానేసి గుడివాడ వెళ్లిపోయింది. వాళ్లమ్మ అమలమ్మ గారు మన గదికొచ్చి ఏడుస్తుంటే మనమెవరమూ తలెత్తలేదు. ఎవరేం తెరిచారో రాసుండే లాగ్ తీసి చూస్తే ఆ నంబరు తెరిచింది నీ ఖాతా. నాకు తెలియదని నువ్వెంత మొత్తుకున్నా రికార్డు రికార్డేనన్నారు. ఆరుగురు నిన్ను తీసెయ్యాలన్నారు, ఐదుగురు వద్దన్నారు. నేను వద్దనే చెయ్యెత్తాను, నువ్వు చూశావు. బయటికి వెళ్తూ నన్నొక్కదాన్నే అడిగావు, ఆ రోజు గదిలోకి ఎవరైనా వచ్చారా సాలేహా అని. తెలియదన్నాను.

వాళ్లు నీకు చేసింది అన్యాయం. దానికి అఫ్సా ఏం చేసింది? మమ్మల్ని క్షమించమని అడగను. పాస్‌ఫ్రేజ్ రాసి పంపమనీ అడగను, పంపవని తెలుసు, పంపకూడదు కూడా. ఒక్కసారి వచ్చి నీ చేత్తో టైపు కొట్టి వెళ్లిపో. వెంకటప్పయ్య గారు బస్టాండుకు కారు తెస్తారు. కిరీటిని ఆ దరిదాపులకు రానివ్వను. నాతో మాట్లాడకపోయినా సరే, నా మొహం చూడకపోయినా సరే. గురువారం సాయంత్రంలోపు రా భానూ. కాళ్లు పట్టుకుంటున్నాననుకో.

మీ పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పు.

ఎప్పటికీ నీ మేలు కోరే,
సాలేహా

తా.క.: పైనదంతా పొద్దున రాశాను. కవరు అంటించబోయి మళ్లీ కలం తీశాను. వాళ్లు, వాళ్లు అని ఎంత తేలిగ్గా రాశాను!

కృప నంబరు తీసిచ్చింది నేను. ఆ రోజు నువ్వు కింద జెరాక్సు షాపుకు వెళ్లావు. లాప్‌టాప్ తెరిచే ఉంది, ఒకరి లాగిన్‌లో ఒకరం పని చేసుకోవడం మనకు అలవాటేగా. ఒకతను ఫోన్ చేసి, వాళ్లమ్మ ఆపరేషన్ బల్ల మీద ఉందని, దాతకు కబురు వెళ్లినా జవాబు లేదని ఏడ్చాడు. నేను నంబరు తీసి చదివి చెప్పాను. ప్రాణం కాపాడాననుకున్నాను. తర్వాత కృపను వెంటాడింది అతనే. అమలమ్మ గారు వచ్చిన రోజే నాకర్థమైంది. నోరు విప్పలేదు. నీ పక్షాన చెయ్యెత్తితే చాలుననుకున్నాను.

ఇదే మాట పదకొండు గంటలకు లిస్టులో నా పేరుతో రాశాను. గుడివాడకు ఫోన్ చేసి అమలమ్మ గారికీ చెప్పాను. ఆవిడ ఫోన్ పెట్టేశారు. ఒంటిగంటకు వెంకటప్పయ్య గారు నీ ఖాతా మళ్లీ తెరిచారు. నువ్విక రానక్కర్లేదు, అక్కణ్ణుంచే కొట్టొచ్చు. నా ఖాతా మూసేశారు, అది న్యాయమే. నువ్వు తాళం తీశావో లేదో నాకిక కనపడదు. బాబ్జాన్ ఇంటి గుమ్మంలో కూర్చుని, ఆ నలభై ఒక్కరిలో ఎవరైనా చేసి అతని ఫోన్ మోగుతుందేమోనని చూస్తూ ఉంటాను.