మా అమ్మకు ఓదార్పు చాలు

పోలీసు ఉన్నతాధికారి గారికి, వడ్రంగుల వీధి నివాసి, వృత్తిరీత్యా వడ్రంగి, ప్రస్తుతం తలుపు లేని ఇంటి యజమాని సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా అమ్మగారిని ఓదార్చుటను తాత్కాలికముగా నిలుపుదల చేసి, ఆమె వాంగ్మూలమును నమోదు చేయించుట గురించి.

మా వీధిపై జరిగిన దాడి తమకు తెలియనిది కాదు. ఇళ్లు తగలబడినవి, తలుపులు విరిగినవి. మా చిన్నాన్న వీధిలోని పిల్లలందరినీ వెనక సందులోంచి పంపించి, మా ఇంటి తలుపుకు అడ్డంగా నిలబడి, అక్కడే ప్రాణం విడిచినాడు. ఆయనను గొడ్డలితో కొట్టినవాడి చేతిని మా అమ్మ కొరికినది. ఆ తరువాత మాకు కలిగిన ఇబ్బందులను ఈ దిగువన మనవి చేసుకొనుచున్నాను.

1. దాడి జరిగిన మర్నాటి నుంచి కొవ్వొత్తులతో ఓదార్పు బృందములు వచ్చుచున్నవి. మంచివారే, నిజంగానే ఏడ్చుచున్నారు. కాని ఒక బృందం కళ్లు తుడుచుకునేలోగా ఇంకో బృందం గుమ్మంలో ఉంటోంది. మా ఇంట ఉన్నది ఒక్కటే మంచం. నిన్న అందరూ ఒకేసారి దాని మీద కూలబడి దుఃఖించగా కోడు విరిగినది. బాగుచేయబోతే, అదీ దాడిలో విరిగినదే అనుకొని ఫోటో తీసుకున్నారు.

2. విరిగిన తలుపు సాక్ష్యమని, ముట్టుకోరాదని తమ సిబ్బంది చెప్పి వెళ్లినారు. సాక్ష్యం చూచుటకు ఇంతవరకు ఎవరూ రాలేదు. దాని ముందు ఫోటో దిగుటకు మాత్రం ఊరంతా వచ్చినది. వడ్రంగినై యుండి గుమ్మానికి దుప్పటి కట్టుకొని పడుకొనుచున్నాను. పని ఇవ్వవచ్చినవారు నా గుమ్మం చూసి వెనుదిరుగుచున్నారు.

3. అమ్మను స్టేషనుకు తీసుకువెళ్లితిని. ఏడుస్తూ చెబితే, "మామ్మగారు దుఃఖంలో ఉన్నారు, కుదుటపడ్డాక తీసుకురా బాబూ" అన్నారు. కుదుటపడ్డాక తీసుకువెళితే, "ఇంత నిబ్బరంగా ఉంది, నిజంగా చూసిందంటావా?" అన్నారు. ఏ మేరకు ఏడ్చిన మనిషి సాక్ష్యం చెల్లునో తమరు ఉత్తర్వు ఇప్పించిన యెడల, ఆ మేరకే ఏడిపించి తీసుకురాగలను.

4. అసలు సంగతి ఇది. మొన్న వచ్చిన బృందంలో ఒకాయన కుడిచేతికి కట్టుతో వచ్చి, అమ్మను గట్టిగా వాటేసుకొని భోరుమన్నాడు. మంటలార్పబోయి గాయపడ్డాడని అప్పటికే ఆయనకు పూలగుచ్ఛం ఇచ్చి సత్కరించి ఉన్నారు. ఏడుపు జోరులో కట్టు జారింది. అమ్మ ఆ పంటిగాటూ చూసింది, ఆ మొహమూ చూసింది. "వీడేరా! నా మరిదిని చంపింది వీడే!" అని కేక పెట్టింది. చుట్టూ ఉన్నవారు "అయ్యో, పిచ్చితల్లి" అని మరింత ఏడ్చారు. "పట్టుకోండి!" అంటే ఆవిడనే పట్టుకున్నారు. నేను అడ్డుపడితే నన్నూ ఓదార్చారు. ఈలోగా వాడు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

5. అమ్మకు మిగిలినవి రెండే పళ్లు. పైన ఒకటి, కింద ఒకటి, రెండూ ఒకే వైపున. అట్టి గాటు ఈ ఊరిలో మరొకరి చేతికి ఉండుటకు వీలులేదు. అది మానిపోతున్నది, కనుక త్వరపడవలెను. చిత్రిక పట్టడం నాకు నేర్పింది చిన్నాన్నే. మాకు కొవ్వొత్తులు వద్దు. వాణ్ణి పట్టుకోండి.

కావున, పెన్ను ఉన్న కానిస్టేబులు నొకరిని, అందులోనూ ఏడవని వారిని, మా ఇంటికి పంపించి అమ్మ మాట రాయించవలెనని, గాటు మానకమునుపే ఈ మనవిని చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
తలుపు లేని వడ్రంగి

తా.క.: రేపు ఉదయం మా వీధిలో సంతాప సభ. ఆ కట్టు చేతి పెద్దమనిషి ప్రసంగించి, అమ్మను అందరి ఎదుట మళ్లీ ఓదార్చునని ప్రకటించినారు. వాణ్ణి గుమ్మం తొక్కనివ్వనని నేనంటే అమ్మ నన్నే కసిరింది. "రానీరా. ఈసారి నేనే వాటేసుకుంటా. పోలీసులు వచ్చేదాకా వదల్ను. చూసేవాళ్లంతా ఏడుస్తూ కూర్చుంటారు గానీ, ఒక్కడూ విడిపించడు" అంది. ఆ వయసులో ఎంతసేపు పట్టుకోగలదో నేను చెప్పలేను. త్వరగా రండి సార్.